రెండున్నర తిప్పులు

ఫాతిమానగర్ చర్చి గంట ఆగినాక
మాడ్జ్ ఆంటీ ఇంటికి పోత, ప్రతి ఆదివారం.
తలుపు తీసి నా ముఖం చూడదు
సంచి చూస్తది.

దసరాకు ముందు పెట్టిన అచ్చు.
మంగపేట అవతలి లంక పొగాకు,
ఈనెలు తీసి, బెల్లంనీళ్ళు చిలకరించి,
ఒక మూత రమ్ము
(ఆంటీ లెక్కల ఒక మూతంటే రెండు)
పొర మీద పొర పేర్చి
రెండు ఫిష్‌ప్లేట్ల నడుమ పెట్టి
నాలుగు బోల్టులు బిగించి మంచం కిందికి తోసినం.
వారానికోసారి స్పానర్ పట్టి అర చుట్టు.
పట్టాను పట్టాతో కలిపే ఇనుము
మూడు నెలలు కూసొని
ఆకును ఆకుతో కలిపింది.

తీస్తే, గానుగ చెక్క.
నల్లగ, బరువుగ. గోరు దిగదు.
చాకుతో సన్నగ పెచ్చులు కొయ్యాలె.

రొజారియో సారైతే పెచ్చును అరచేతుల ఏసుకొని
బొటనవేలితో రుద్దుతుండె,
అవుటర్ల బండి ఆగితే చాలు, సిగ్నల్ పడేదాక.
నేనప్పుడు రెండో ఫైర్‌మన్ని.
పార నా చేతిల, పైపు ఆయన నోట్ల,
ఇద్దరి ముందటా నిప్పే.

ఆయన పోయినాక పైపు ఆమె పట్టింది.
ఎవరేమనుకుంటరో అని నేనంటే
"ఆరిపోతది కదా" అన్నది. అంతే.

ఇప్పుడామె వేళ్ళు చెరుకు కణుపులు.
నా అరచేతులు బొగ్గుకు కాలి మొద్దుబారినయి,
ఏది పొడో ఏది పోగో వాటికి తెల్వదు.

అందుకే హన్మకొండ చౌరస్తాల గ్రైండర్ కొన్న,
నూట ఎనభై.
అరచేతిల పట్టే రెండు బిళ్ళలు, లోపలంతా పళ్ళు.
"గంజాకా తాతా?" అన్నడు పిలగాడు, చిల్లర ఇస్తూ.
కాజీపేట టేషన్ల రైల్వే పోలీసు
పళ్ళ బిళ్ళలొక దిక్కు, నల్ల అచ్చొక దిక్కు పెట్టి
కుక్కను పిలిచిండు.
అది వాసన చూసి తుమ్మింది.
ఆయనా చూసిండు. మళ్ళోసారి చూసిండు.
"జర పెట్టరాదు" అన్నడు మెల్లగ.

ఆంటీకి నచ్చలే.
"మిషన్‌తోని చేసే పనా ఇది?"
మిషన్ కూడు తిన్నోళ్ళమే కదా ఆంటీ, అన్న.
మొదటిసారి పది తిప్పులు తిప్పిన,
మూత తీస్తే నశ్యం.
వేలుతో గెలికి చూసి "పొడి బొగ్గు" అన్నది,
"గాలి ఆడదు, పో."
నలభై ఏండ్ల కింద ఇదే మాట ఆయన అన్నడు,
నా పార చూసి.

ఇప్పుడు తెలుసు.
పెచ్చు ముందుగాల శనగబద్దంత తుంచాలె.
పళ్ళ నడుమ సగమే నింపాలె.
రెండున్నర తిప్పులు. మూడోది ఆశ.
మూత మీద ఒక దెబ్బ.
పాత పేపరు మీద పరిచి
బొగ్గు గూడ్స్ పోయేదాక ఆరబెట్టాలె.
ఆమె కిటికీ కాడ డబ్బాలు లెక్కపెడ్తది,
యాభై ఎనిమిది వస్తేనే "చాలు".

నింపుడు నాదే.
వెనక బలంగ, ముందర పలుచగ, కింద గాలికి సందు.
అంత పెద్ద ఫైర్‌బాక్స్‌కు నేర్చిన ఇద్దె
బొటనవేలంత గిన్నెకు సరిపోయింది.

మొదటి అగ్గిపుల్ల ఉత్తదే, రెండోది నిజం.
నల్లగ లేస్తే నా తప్పు.
సన్నగ, బూడిద రంగుల లేస్తే
ఆంటీ ఏమనదు, కండ్లు మూసుకుంటది.
గేజీల ముల్లు నిలబడ్డట్టు.

నేను ఎన్నడు తాగలే.
పిన్నీసుతోని పళ్ళ సందులు గీకి
గ్రైండర్ రుమాల్ల చుట్టుకొని బయలెల్లుత.
గోళ్ళ కింద ఇంత మిగుల్తది.

ఇంట్ల కనకవ్వ నీళ్ళ చెంబిస్తూ
ముక్కు ఎగబీల్చి అడుగుతది,
"మళ్ళ డ్యూటీకి పోయినవా?"